చీమల బెల్టు

సువార్తమ్మ కూతురు ఎస్తేరుకి నడుం నొప్పీ లేదు, పాడూ లేదు, పని ఎగ్గొట్టడానికి వేసే వేషాలు అవి అని బుల్లెమ్మ అందట. కుళాయి దగ్గర, అందరూ వింటుండగా అందట. విన్న వెంకాయమ్మ కడుపులో దాచుకోలేక కిళ్ళీకొట్టు వీర్రాజు పెళ్ళాం చెవిన వేసింది. ఆవిడ చెవిన పడ్డ మాట ఎక్కడాగుతుంది? పొద్దెక్కేసరికి పేటంతా చుట్టబెట్టి, దారిలో ఇంకో రెండు ముక్కలు కలుపుకుని, సువార్తమ్మ గుమ్మంలోకే వచ్చి కూర్చుంది.

కలిసిన ఆ రెండు ముక్కలూ ఇవి. "బెల్టు పచ్చగా ఎలుగుతుంటే ఇదేటే కుంటుతాదీ? దీపానికేటవసరం అబద్ధమాడ్డానికి? మనిషికైతే ఉంటాది."

ఎస్తేరు అప్పటికే నులకమంచం పట్టింది. రెండో పంట దాళ్వా ఊడ్పుల చివర్లో నారుకట్టలు అందిస్తూ గట్టు మీద కూలబడిపోయింది. కుడికాలు మోకాలి కింద నుంచి తిమ్మిరెక్కి, తనది కాకుండా పోయింది. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. పాలు తాగే పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడాలంటే భయం. తల్లి పిల్లాణ్ణి తెచ్చి పక్కలో పడుకోబెడితే పాలిస్తోంది.

మండలంలోని ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఆమె నడుం మీద చెయ్యి కూడా వెయ్యలేదు. సొరుగులోంచి బెల్టు తీసి ఆమెకి కట్టించాడు.

"ఒకసారి వంగమ్మా."

ఎస్తేరు వంగింది. బెల్టు కొక్కెం దగ్గర దీపం పచ్చగా వెలిగింది.

"ఇంకోసారి."

మళ్ళీ పచ్చ.

"నీ వెన్ను నా వెన్నుకంటే బాగుందమ్మా. ఇంటికెళ్ళి పని చేసుకో."

"కాలు మొద్దులాగైపోయిందండి డాట్రుగారండి. కావాలంటే సూది గుచ్చి చూడండి."

"దీపం ఎర్రగా వెలగందే పెద్దాసుపత్రికి పంపడానికి నాకు వీల్లేదమ్మా. పైనుంచి వచ్చిన రూలు. నన్నేం చెయ్యమంటావు?"

ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. జ్వరమొస్తే బాగానే చూస్తాడు. కానీ ఆ రోజు ఆయన ఎస్తేరు మొహం చూడలేదు, దీపం చూశాడు. దీపం చూసి ఇంటికి పంపేశాడు. పేట కూడా దీపమే చూసింది.

*

ఆ బెల్టు మా పేటకి ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ కోపం ఎవరి మీదో తెలియదు.

కాకినాడలో డాక్టర్ హైమవతి అనే ఆవిడ ఉంది. మందులిచ్చే డాక్టరు కాదు, యంత్రాలు చదివిన డాక్టరు. ఆవిడ తల్లి బడిపంతులమ్మ. నడుం నొప్పితో చివరి ఏళ్ళలో కుర్చీలో కూర్చోలేక, బల్ల మీద వెల్లకిలా పడుకుని పరీక్ష పేపర్లు దిద్దేదట. ఆ బల్ల పక్కన పెరిగిన పిల్ల, పెద్దయ్యాక నడుం నొప్పి మీదే పడింది.

ఆవిడ కనిపెట్టింది చూడ్డానికి మామూలు పట్టీ. లోపల మాత్రం బియ్యపుగింజలంత సెన్సార్లు. మనిషి వంగబోతున్నాడని ఒంటికంటే ముందే కనిపెడతాయి. వెన్ను తప్పుదారిన పోతుంటే ఆ చోట చర్మం మీద సన్నగా గిలి పెడతాయి, చీమ పాకినట్టు. చీమ పాకితే ఒళ్ళు దానంతటది పక్కకి జరుగుతుంది కదా? అలా జరిగి జరిగి, చీమ లేని దారి వెతుక్కుంటుంది. కొన్నాళ్ళకి బెల్టు తీసేసినా ఒళ్ళు ఆ దారినే పోతుంది. నేర్చుకుంటున్నామని కూడా మనిషికి తెలియదు. ఈత వచ్చినవాడు ఈత మర్చిపోలేడు, ఇదీ అలాంటిదే. ఇది వచ్చాక పోదు.

కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్ళకి కట్టి చూశారు. చాలామందికి తగ్గింది. పట్నం పేపర్లన్నీ రాశాయి. అప్పుడు హైమవతికి అసలు కోరిక పుట్టింది. రోజంతా వంగి బతికేవాళ్ళకి కడితేనో? అయితే సరిగ్గా వంగడం ఎలాగో ఆ బెల్టుకి తెలియాలంటే ముందు ఎవరిదైనా ఒళ్ళు చూపించాలి. ఏళ్ళ తరబడి వంగి పనిచేసి కూడా నడుం నొప్పి ఎరగని మనిషి ఒళ్ళు కావాలి. అలాంటి మనిషి కోసం జీపు వేసుకుని ఊళ్ళు తిరిగింది. పోయిన తొలి పంటకి, సార్వా ఊడ్పుల్లో మా ఊరొచ్చింది. ఎవరినడిగినా ఒకటే పేరు చెప్పారు.

సువార్తమ్మ మా ఊళ్ళో మొదటి మునుం పట్టే మనిషి. మునుం అంటే ఊడ్పుల్లో ఒక్కొక్కరి వాటాకి వచ్చే పట్టీ. గట్టు పక్కన మొదటి పట్టీ ఎవరిదో, మిగతా ముఠా అంతా ఆవిడ చేతివేగాన్ని చూసి వెనక్కి నడవాలి. మంచినీళ్ళకి ఎప్పుడాగాలో ఆవిడే అంటుంది. చేను గల కామందుతో మాట్లాడేదీ ఆవిడే. దానికో కట్టడి కూడా ఉంది. మడిలో కాలు పెట్టాక ఎవరూ నడుం పేరెత్తకూడదు. ఎత్తితే ఆ చేను వెన్ను తీశాక, అంటే కంకి వేశాక, ఒరిగిపోతుందని పాతవాళ్ళ నమ్మకం. మొదటి మునుం మనిషే ఆ మాటంటే అక్కడికక్కడే తన పట్టీ రెండో మునుం మనిషికి వదిలెయ్యాలి. రెండో మునుం బుల్లెమ్మది.

హైమవతికి ఈ కట్టడి తెలియదు. ఎవరూ చెప్పలేదు. పని చేస్తుండగానే అడగాలని, సహజంగా ఉంటుందని, గట్టు మీదికొచ్చి నిలబడింది. ఆవిడ పక్కన గొడుగు కింద కామందు పెద్దిరాజుగారు.

"సువార్తమ్మగారూ, మీకెప్పుడైనా నడుం నొప్పి వచ్చిందా?"

మడిలో చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. పిక్కల దాకా బురదలో ఉన్న సువార్తమ్మ తలెత్తి చూసింది. మేడమ్‌ని చూసింది, రాజుగారిని చూసింది, పక్క మునుంలోంచి చెవులు రిక్కించిన బుల్లెమ్మని చూసింది.

"నాకాండి? అలాటియ్యేం లేవండి మాకు," అని నవ్వేసింది.

"ఆవిడ నడుం ఇనపకడ్డీ అండి మేడమ్‌గారండి," అంది బుల్లెమ్మ. "వంచలేక మేం చత్తున్నాం."

ముఠా అంతా గొల్లుమంది. పెద్దిరాజుగారు కూడా నవ్వారు. హైమవతి సంబరపడిపోయింది.

ఆ మధ్యాహ్నమే సువార్తమ్మ ఒంటికి సెన్సార్లు అతికించారు. వీపు మీద, తొడల మీద, డొక్కల మీద. ఆమె మళ్ళీ మడిలో దిగి ఎప్పటిలాగే ఊడ్చింది.

*

ల్యాబులో స్క్రీను మీద సువార్తమ్మ మనిషిలా లేదు. చుక్కలు కలిపి గీసిన బొమ్మలా ఉంది. ఆ బొమ్మ వంగుతుంటే హైమవతి రెప్ప వెయ్యకుండా చూసింది. ఎక్కడా కుదుపు లేదు. ఎడమ మోచెయ్యి తొడ మీద ఆనుతుంది, కుడిచెయ్యి నారు గుచ్చుతుంది, పాదం వెనక్కి జరుగుతుంది. నీళ్ళ మీద నీడ కదిలినట్టు ఉంది.

ల్యాబులో పనిచేసే ప్రసూన ఒక్కటే ఒక మాట అంది. "మేడమ్, వంగే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబడుతోంది చూడండి. డొక్కల దగ్గర చుక్కలు ఆగిపోతున్నాయి."

హైమవతి వెనక్కి తిప్పి చూసింది. నిజమే. "బరువెత్తేవాళ్ళు కూడా ఊపిరి బిగిస్తారు ప్రసూనా. వెన్నుకి అది కట్టు. ఈవిడ కిటుకే అది. అదీ బెల్టులో పెట్టెయ్."

పెట్టేశారు.

దాళ్వాకి ముందే బెల్టులు ఊళ్ళోకి వచ్చాయి. తయారుచేసే కంపెనీ మేనేజరు వంశీధర్ అట్టపెట్టెలు దింపించి, ఒక్కొక్కరి చేతిలో పెట్టి, ఫొటోలు తీయించుకుని వెళ్ళాడు. కట్టుకున్న మొదటిరోజు ఆడవాళ్ళు సిగ్గుతో, గిలితో చచ్చేంత నవ్వారు. చీమల బెల్టు అని పేరు పెట్టేశారు. ఇంట్లో కూడా కట్టుకునే ఉండమన్నారు కాబట్టి రోటి దగ్గర, పొయ్యి దగ్గర, బట్టలుతికే రాయి దగ్గర అన్నిచోట్లా చీమలే.

నిజం చెప్పుకోవాలి, మొదట్లో హాయిగానే ఉంది. "ఏటో అక్కా, వంగితే తెలీట్లేదే," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఊడ్పుల్లో ముఠా అంతా ఒకే మనిషి అద్దాల్లో కనబడినట్టు కదిలింది. పెద్దిరాజుగారి పొలం చెక్కలు ఎప్పుడూ లేనంత తొందరగా పచ్చబడ్డాయి. ఆయన పక్క ఊరి కామందులకి ఫోన్లు చేసి చెప్పుకున్నారు.

చర్చిలో మాత్రం ఒక వింత జరిగింది. పాటకి లేవండి అని పాస్టరుగారు అనగానే ఆడవాళ్ళ వైపంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి, అప్పుడు లేచింది. పాట మొదలవడానికి ముందు అదో చిన్న నిశ్శబ్దం. "ఏమ్మా, దేవుడి పాటకి కూడా మేస్త్రి పిలవాలా?" అని పాస్టరుగారు చమత్కారమాడారు. అందరూ నవ్వారు. ఎందుకాగుతున్నారో ఎవరికీ తెలియదు.

ఈలోపు కంపెనీవాళ్ళు మళ్ళీ వచ్చి ఆ బెల్టులకి కొక్కెం దగ్గర దీపం పెట్టారు. మనిషి కదలిక బెల్టులోని కదలికతో కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. అంతవరకే దాని అర్థం. కానీ ఆ అర్థం పై ఆఫీసుల్లో ఎక్కడో మారిపోయింది. పచ్చ అంటే నొప్పి లేనట్టు, ఎరుపు అంటే ఉన్నట్టు. ఆసుపత్రుల్లో అదే చెప్పారు. కూలీల్ని పిలిచే మేస్త్రీలూ అదే పట్టుకున్నారు. "నడుం లాగేత్తంది, రేపు రాలేను" అని ఎవరైనా అంటే, "ఏదీ, వంగి చూపించు" అనడం మొదలైంది. వంగితే పచ్చ. ఆ ఒళ్ళుకి ఇంకోలా వంగడం రాదు మరి!

*

బుల్లెమ్మ మాట చెవిన పడగానే సువార్తమ్మ కొంగు బిగించి కుళాయి దగ్గరికి నడిచింది.

"ఏమే బుల్లెమ్మా! నా కూతురు వేషాలేత్తందా? నీ నోట్లో..."

"నేనెందుకంటానే అక్కా? ఎవత్తి చెప్పింది? ఆ వెంకాయమ్మేనా? దాని నాలుక తెగ!"

"అనలేదా నువ్వు?"

"అన్నాననుకో. ఉన్నమాటేగా? మేమందరం కట్టుకోలేదా బెల్టులు? మాకు లేని నొప్పి దానికేటి? మొదటి మునుం మనిషి కూతురు కాబట్టి గారమేటి?"

"గారమా? కాలు కదలట్లేదే దానికి! పసిగుడ్డుని ఎత్తుకోలేక ఏడుత్తంది!"

"పచ్చగానే ఎలిగిందంటగా?" అని మూతి మూడు వంకర్లు తిప్పి, బుల్లెమ్మ నిండిన బిందె ఎత్తడానికి వంగింది.

ఊపిరి బిగబట్టింది. ఎడమ మోచేతిని తొడకేసి నొక్కింది. బరువంతా ఎడమపాదం మీదికి జార్చి, ఒక్క రెప్పపాటు ఆగి, అప్పుడు లేచింది.

సువార్తమ్మ నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. బుల్లెమ్మ వెనక ఇంకో ఆవిడ బిందె ఎత్తింది. అదే ఊపిరి, అదే మోచెయ్యి. ఆవిడ వెనక పెళ్ళై ఏడాది కాని పిల్ల, పదహారణాల ఆరోగ్యం. అదీ అంతే.

ఎస్తేరు కడుపులో ఉన్న ఏడు సువార్తమ్మ నారు ట్రాక్టరు మీంచి జారిపడింది. ఆనాటి నుంచి వంగిన ప్రతిసారీ నడుంలో కత్తి దిగేది. అరవకుండా ఉండటానికి ఊపిరి బిగబట్టేది. కత్తి దిగే చోట బరువు పడకుండా మోచేతిని తొడకేసి నొక్కేది. చూసేవాళ్ళకి నారుకట్ట పట్టుకున్నట్టే కనబడేది. ఆ రెప్పపాటు దాటిపోతే వంగొచ్చు. మొగుడికి కూడా చెప్పలేదు. చెప్తే మడిలో దిగనివ్వడు, దిగకపోతే ఇల్లు గడవదు. మొగుడు పోయాక చెప్పడానికి మనిషీ లేడు. చివరికి ఆ నొప్పి మడిలో కూర్చునే ఇంకో మనిషిలాగా అలవాటైపోయింది.

ఇప్పుడా మనిషి కుళాయి దగ్గర వరసలో నిలబడి నీళ్ళు పట్టుకుంటోంది, ఇంతమంది ఒళ్ళలోంచి.

"ఏటే అక్కా, అలా బొమ్మలా నిలబడిపోయేవ్?" అంది బుల్లెమ్మ. గొంతులో గొడవ తగ్గి, కొంచెం బెదురు వచ్చింది.

సువార్తమ్మ ఇంటికొచ్చేసింది. మంచం పట్టె మీద కూర్చుంది. ఎస్తేరు లేవబోయింది. బిగబట్టి, మోచెయ్యి ఆనించి లేవబోయింది.

"అలా లేవకే," అంది సువార్తమ్మ.

"మరెలా లేవనమ్మా? ఇంకోలా రావట్లేదు."

అప్పుడు చెప్పింది. జారిపడ్డది, కత్తి దిగేది, గట్టు మీంచి మేడమ్ అడిగితే నవ్వేసింది. అన్నీ చెప్పింది. పిల్లాడు కదిలితే ఎస్తేరు వాడి వీపు మీద చెయ్యి వేసింది.

"నేను కూలబడిన రోజైనా చెప్పాలిగా అమ్మా."

"మడిలో ఉన్నామే అప్పుడు."

"ఆసుపత్రిలో?"

"బుల్లెమ్మ మొగుడిదే ఆటో, అక్కడే నిలబడి వింటన్నాడే..."

"ఏడుత్తావా ఏంటి ఇప్పుడు?" ఎస్తేరు గొంతు పెద్దదైంది. "నువ్వు ఏడిత్తే నాకు కాలొత్తాదా? నీ మొదటి మునుం నీకుంది. నాకేముంది చెప్పు! ఆ దీపం నన్ను దొంగని చేసింది. డాట్రు దొంగన్నాడు, పేట దొంగంది. ఆ దీపం ఎలిగించింది నువ్వు! పద. ఆవిడెవరో మేడమ్ దగ్గరికి పద. నన్ను మోసుకెళ్ళైనా సరే, పద!"

*

కాకినాడ బస్సులో ఎస్తేరుని వెనక సీటులో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ల్యాబులోకి తల్లీ కూతుళ్ళు వస్తుంటే ప్రసూన పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసింది. ఎస్తేరు కూర్చోలేదు. కూర్చుంటే లేవాలి.

సువార్తమ్మ నిలబడే చెప్పింది. హైమవతి మొదట నమ్మలేదు. నమ్మడానికి ఇష్టపడలేదు. "అమ్మా, మీరు అనారోగ్యంగా ఉన్న కూతుర్ని చూసి కంగారులో..." అని మొదలుపెట్టింది.

"మేడమ్," అంది ప్రసూన నెమ్మదిగా, "డొక్కల దగ్గర చుక్కలు."

పాత రికార్డింగు తీశారు. ఊపిరి ఆగే చోట ఆపారు. సువార్తమ్మ స్క్రీను ముందుకొచ్చి, బురద మరకలు వదలని వేలుతో చూపించింది. "ఇదిగోండి, ఇక్కడ దిగుద్ది. ఇక్కడ అరుపొత్తాది. ఇదిగో, ఇక్కడ మింగేత్తాను."

హైమవతి ఆ చుక్కల బొమ్మని చూస్తూ ఉండిపోయింది. తన తల్లి బల్ల మీద పడుకుని, పిల్లలు ఇంటికి రాగానే నవ్వేది. ఆ నవ్వుకి ముందు కూడా ఒక్క క్షణం ఊపిరి ఆగేది. ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చింది.

మెల్లగా అంది, "నేను నొప్పి లేకుండా వంగడం నేర్పలేదు. నొప్పి కనబడకుండా వంగడం నేర్పాను."

వంశీధర్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టింది. దీపం వెంటనే ఆపెయ్యాలంది. బెల్టులు వెనక్కి తెప్పించాలంది. అవతలి గొంతు ఏమాత్రం కంగారు పడలేదు.

"మేడమ్, మూడు జిల్లాలకి వెళ్ళిపోయాయి. పని ఎంత పెరిగిందో మీరే లెక్కలిచ్చారు. అయినా నాకర్థం కాక అడుగుతున్నా. అంత నొప్పి పెట్టుకుని కూడా ఆవిడ అంత బాగా కదులుతోందంటే, అది ఇంకా గొప్ప టెక్నిక్ కదండీ?"

ఎస్తేరు గోడకి ఆనుకుని నిలబడి, ఆ ఫోను వంక చూసింది.

"ఆయన్ని ఒకసారి ఇక్కడికి రమ్మనండి," అంది. "నా కాలు ఆయనకిత్తాను. గొప్పగా ఉంటాది."

హైమవతి ఆ సాయంత్రమే ఎస్తేరుని తన కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దీపంతో పని లేకుండా, తనకి తెలిసిన సర్జన్ని బతిమాలి లోపలికి పంపింది. వెన్నుపూసల మధ్య జారిన ముక్క నరాన్ని నలిపేసింది. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది. పాదానికి మాత్రం పట్టు తిరిగి రాలేదు. కూలబడిన రోజే తెచ్చి ఉంటే వచ్చేదేమో అన్నాడు సర్జను. ఆ 'వచ్చేదేమో' అన్న మాటని సువార్తమ్మ ఇంటిదాకా మోసుకొచ్చింది.

*

బెల్టు నేర్పేది నొప్పిని దాచే కదలికేనన్న సంగతి బయటపెడతానని, తన పేరు పోయినా సరేనని హైమవతి పట్టుబట్టాక వంశీధర్ ఒక మెట్టు దిగాడు. దీపం ఆపడు. కానీ నొప్పి లేని ఇంకో మనిషిని చూపిస్తే, ఆ కదలిక తీసుకుని బెల్టులన్నీ మార్పిస్తానన్నాడు. "నమూనా మార్చుకుందాం మేడమ్. దానికింత రాద్ధాంతమెందుకు?"

సార్వా ఊడ్పుల మొదటిరోజు వచ్చాడు. తెల్లటి చొక్కా, రబ్బరు బూట్లు. గట్టు మీద పెద్దిరాజుగారు ఆయనకి కూడా గొడుగు పట్టించారు. వెనకే హైమవతి, ప్రసూన, సెన్సార్ల పెట్టె. చర్చి వైపు గట్టు మీద ఎస్తేరు కర్ర పట్టుకుని, పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడింది. ముఠా ఇంకా దిగలేదు. నారుకట్టలు మడిలో పడి ఉన్నాయి.

మొదట దిగాల్సింది సువార్తమ్మే. దిగింది. తన పట్టీలో నిలబడింది. వంగలేదు.

"ఏమే సువార్తమ్మా, మొదలెట్టు," అన్నారు రాజుగారు.

"నా నడుం నొప్పండి," అంది సువార్తమ్మ.

గట్టు మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. అది బెల్టు నేర్పిన బిగింపు కాదు.

"మడిలో నిలబడి ఆ మాటేంటే!" రాజుగారి మొహం ఎర్రబడింది. "చేను ఒరిగిపోతే నువ్వు నిలబెడతావా?"

"ఎస్తేరు కడుపులో ఉన్నప్పట్నుంచీ నొప్పేనండి. మీ చేలన్నీ ఈ నొప్పితోనే ఊడ్చేను. ఒక్కటీ ఒరగలేదండి. నా కూతురే ఒరిగిపోయింది." సువార్తమ్మ గట్టు వైపు తిరిగింది. "బుల్లెమ్మా, రా. మొదటి మునుం నీదే. కట్టడి కట్టడే."

అందరూ బుల్లెమ్మ వంక చూశారు. ఆ పట్టీ కోసం బుల్లెమ్మ ఎన్నేళ్ళుగా కాచుకుందో పేటలో పిల్లాడిక్కూడా తెలుసు. ఆవిడ గట్టు దిగింది. సువార్తమ్మ పక్కదాకా వచ్చి ఆగింది. అవతలి గట్టు మీద కర్రతో నిలబడ్డ ఎస్తేరుని చూసింది. తన పాత రెండో పట్టీలోకే వెళ్ళి నిలబడింది.

వంశీధర్‌కి ఈ తతంగం బోధపడలేదు. చేతిగడియారం చూసుకున్నాడు.

"సరే అమ్మా, ఆవిడకి నొప్పి ఉందంటున్నారు, ఒప్పుకుందాం. పొరపాటు జరిగింది. దిద్దుకుందామనే వచ్చాం." పెట్టె మూత తెరిపించాడు. నవ్వుతూ అందరినీ కలయజూశాడు. "మీలో నడుం నొప్పి లేనివాళ్ళెవరో ముందుకు రండి. భయపడకండి. ఒక్కరు చాలు."

నీళ్ళ మీద గాలికి నారు కొసలు ఊగుతున్నాయి. ఎవరూ కదల్లేదు. వెంకాయమ్మ పక్కావిడ వంక చూసింది. పక్కావిడ నేల వంక చూసింది. పెళ్ళై ఏడాది కాని ఆ పిల్ల చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదికి పోయింది.

"ఒక్కరు కూడా లేరా?" అన్నాడు వంశీధర్. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఇంతమందిలో?"

బుల్లెమ్మ నడుముకున్న బెల్టు కొక్కెం ఊడదీసి, పచ్చ దీపంతో సహా బురదలో పడేసింది.

"నొప్పి లేనోళ్ళు గట్టు మీదున్నారు బాబూ, ఆ గొడుగు కింద," అంది. "ఆళ్ళని కొలుచుకోండి. మడిలో ఎవత్తీ లేదు."